ఎదురుచూపు గీయమంటే గడియారం వేయకు

చిన్నీ,

ఆదివారం పెయింటింగ్ వర్క్‌షాప్‌కి వెళ్తున్నావని, "ఎదురుచూపు" అనే మాట ఇచ్చి దాని మీద బొమ్మ వేయమన్నారని, నాకసలు బొమ్మలే రావు పెద్దమ్మా అని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. బొమ్మలు బాగా వచ్చినవాళ్లకే అక్కడ ఎక్కువ ఇబ్బంది. నువ్వు టెన్షన్ పడకు.

నా మొదటి వర్క్‌షాప్‌లో "నిశ్శబ్దం" ఇచ్చారు. గంటన్నర కూర్చుని కోనేరు, మెట్లు, మెట్టు మీద దీపం వేశాను, మీ పెదనాన్న చూస్తే మురిసిపోయేంత బాగా. తీరా గోడకి ఆనించేసరికి పన్నెండు మందిలో ఐదుగురివి దీపాలే! నేర్పించే ఆయన ఒక్క మాట అనకుండా ఆ ఐదింటినీ పక్కపక్కన పెట్టి టీకి వెళ్లిపోయాడు. నా దీపం నాది కాదు, గోడ క్యాలెండర్‌ది.

అందుకని ముందుగా తోచే గడియారం, కిటికీ దగ్గర ఆడమనిషి, ఖాళీ రోడ్డు, వీటిని ఓ మూల రాసి కొట్టెయ్. తర్వాత నువ్వు నిజంగా ఎదురుచూసిన ఒక్క రోజు గుర్తుతెచ్చుకో. మీ నాన్న ఆపరేషన్ రోజు బయట స్టీలు కుర్చీల్లో కూర్చున్నాం కదా, తలుపు కదిలినప్పుడల్లా లేచి నిలబడి, మనకోసం కాదని తెలిసి మళ్లీ కూలబడి... ఆ కుర్చీలు గీయమనడం లేదు. ఆ లేవడం, కూలబడటం ఏ రంగు, ఎంత మందం, కాగితంలో ఏ వైపు? నాకైతే పొడుగ్గా ఒకే బూడిద రంగు, మధ్యలో ఎక్కడో ఒకటి రెండు గీతలు. నీది వేరేగా ఉంటుంది, ఉండాలి కూడా.

వీలైతే శనివారమే చెన్నై ఇంజంబాక్కంలో చోళమండలానికి వెళ్లిరా, మీ ఓఎంఆర్ రోడ్డు నుంచి పెద్ద దూరమేం కాదు. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ మొదలుపెట్టిన చిత్రకారుల ఊరది. ఆయన బొమ్మల్లో అక్షరాలు, అంకెలు, జాతక చక్రాల్లాంటి గళ్లు ఉంటాయి కానీ చదవబోతే ఏమీ ఉండదు. చదవడం మానేశాకే బొమ్మ కనిపిస్తుంది. పది నిమిషాలు ఒక్కదాని ముందే నిలబడు, ఫోన్ బ్యాగ్‌లోనే ఉంచి.

ఇక సామాన్ల సంగతి. మూడు రంగులు, తెలుపు చాలు, అన్నీ పిండుకుంటే చివరికి బురదే మిగులుతుంది. యాక్రిలిక్ రంగు ఆరాక కాస్త ముదురుతుంది, అందుకే ముందు చిన్న ముక్క మీద వేసి చూసుకో. ఫ్యాన్ కింద ప్లేట్లోనే గట్టిపడిపోతుంది కాబట్టి నీళ్ల స్ప్రే బాటిల్ పట్టుకెళ్లు, పాత చుడీదార్ వేసుకో, ఆరిన మరక ఉతికినా పోదు. మొదటి అరగంట బ్రష్ ముట్టుకోకు. అగ్గిపెట్టెంత గళ్లలో పెన్సిల్‌తో ఏడెనిమిది రకాలుగా గీసి, అన్నిట్లోకీ నీకు కాస్త సిగ్గనిపించేది ఎంచుకో. సగంలో ఓసారి తలకిందులుగా తిప్పి చూడు, ఎటు బరువెక్కువైందో తెలిసిపోతుంది.

చివర్లో అందరూ తమ బొమ్మ గురించి చెప్పాలంటారు. రెండు వాక్యాలు చెప్పి కూర్చో. ఆసుపత్రి కథ మొత్తం చెప్పావంటే అందరూ కథే వింటారు, బొమ్మ వైపు ఎవరూ చూడరు.

రాత్రికి ఫొటో పంపు, కింద ఏమీ రాయకుండా.

పెద్దమ్మ