ఎన్టీఆర్‌కూ పౌరహక్కుల సంఘానికీ ఎక్కడ చెడింది?

నక్సలైట్లు దేశభక్తులే అన్న ఎన్టీఆర్ హయాంలోనే పౌరహక్కుల నాయకులు ఎలా హతమయ్యారు, అదంతా ఆయనకు తెలియకుండా పోలీసులు చేసిన పనేనా అని మీరడిగారు.

తెలియకుండా జరిగిందన్న మాట చెన్నైలో మా తెలుగువాళ్ల నోట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నేను నమ్మను. మొదటి రోజు తెలియకపోవచ్చు. మర్నాడు పేపర్లో చూసైనా తెలుస్తుంది కదా! ఆ తర్వాత ఏం చేశారన్నదే అసలు సంగతి.

నన్నడిగితే చెడింది మాట ఇచ్చినందుకే. ఎన్టీఆర్‌కు ముందు, ఎమర్జెన్సీ రోజుల్లో ముఖ్యమంత్రిగా ఉన్న వెంగళరావుకు పౌరహక్కులవాళ్లతో ఉన్నది బాహాటమైన వైరం. ఎమర్జెన్సీలో గిరాయిపల్లి దగ్గర నలుగురు విద్యార్థులను చంపి ఎన్‌కౌంటర్ అన్నారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో తార్కుండే కమిటీ వచ్చి అదంతా బూటకమని చెప్పింది. ప్రభుత్వం భార్గవ కమిషన్ వేసింది. కన్నబిరాన్ లాంటి వకీళ్లు అక్కడ సాక్షుల తరఫున నిలబడ్డారు. విచారణ గుట్టుగా సాగాలనేసరికి ఇక మాకేం పనని బయటికొచ్చేశారు. ఆ తగువులో ఎవరికీ ఎవరి మీదా ఆశల్లేవు, కాబట్టి అలకలూ లేవు.

ఎన్టీఆర్‌ది అలా కాదు. 1982 మార్చిలో పార్టీ పెట్టి ఊరూరా తిరిగినప్పుడు ఆ దేశభక్తుల మాట తెలంగాణ పల్లెల్లో బాగా పాకింది. 1983లో గెలిచాక పౌరహక్కుల సంఘం దాన్ని పట్టుకుని కూర్చుంది. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ మీరన్నది ఇదే కదా అని గుర్తుచేస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడి వీధిలోంచి నడవడు. ఆయనా అంతే, వీధి మార్చుకున్నారు.

1985 ఒక్క ఏడాదే చూడండి. జగిత్యాలలో న్యాయవాది గోపి రాజన్నను చంపేశారు. జులై 17న కారంచేడులో దళితుల ఊచకోత. ఇక సెప్టెంబర్ 3న వరంగల్లో డాక్టర్ రామనాథం. ఆయన పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. ముందురోజు నక్సలైట్ల చేతిలో ఒక ఎస్సై చనిపోయాడు. ఆ ఎస్సై అంతిమయాత్ర సాగుతుండగా పోలీసులు క్లినిక్‌లోకి చొరబడి డాక్టర్ని కాల్చేశారు. ఎస్సై హత్య కేసులో పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి బాలగోపాల్‌ని ఇరికించి, ఉగ్రవాదుల కోసమని తెచ్చిన టాడా చట్టం కింద లోపలేశారు. మరుసటి ఏడాది పౌరహక్కుల సంఘానికే చెందిన జాపా లక్ష్మారెడ్డిని చంపారు. తెలంగాణలో ఆ కాలాన్ని ఇప్పటికీ 'ఆట, మాట, పాట బంద్' అనే చెప్పుకుంటారు.

2023లో శతజయంతికి టి.నగర్‌లో ఒక తెలుగు సంఘం సభ పెట్టింది. వెళ్లాను. మా నాన్నకు ఎన్టీఆర్ అంటే ప్రాణం. తిరుపతి వెళ్లిన జనం బస్సులెక్కి బజుల్లా రోడ్డులో ఆయన ఇంటి ముందు దిగడం కళ్లారా చూసిన మనిషి. సభ ఆరింటికని వేశారు, ఏడున్నరకు మొదలైంది. వేదిక మీద ఇరవై కుర్చీలు, కింద అంతకంటే కాస్త ఎక్కువ జనం. శాలువాలతోనే గంట గడిచింది. మన సభల్లో శాలువాలు నిషేధిస్తే తెలుగు భాష సగం బాగుపడుతుందని నా గట్టి నమ్మకం. పిల్లల చేత డైలాగులు చెప్పించారు. వాళ్ల చేతిలో కాగితం మీద తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, అది వేరే ఏడుపు.

చివర్లో ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. హనుమకొండ మనిషి, ఇక్కడ పెరుంగుడిలో కొడుకు దగ్గర ఉంటాడట. కళ్లద్దాల తాడు మెడలో వేలాడుతోంది, మైకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "రెండు రూపాయల బియ్యం మా ఇంట్ల తిన్నం. పటేల్ పట్వారీ పీడ ఆయననే తీసేసిండు. దండం పెడ్త" అన్నాడు. చప్పట్లు. "గని మా పిలగానికి జ్వరమొస్తె రామనాథం సారు దగ్గరికే తీస్కపోయేది. ఆ సారును సంపినంక రామారావుగారు ఒక్కసారన్న..." అనేలోపు కార్యదర్శి పక్కకొచ్చాడు. "పెద్దాయనా, మంచిరోజండీ, ఇప్పుడెందుకండీ అవన్నీ" అంటూ నవ్వుతూనే మైకు లాక్కున్నాడు. వెంటనే పాట పెట్టేశారు. పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు, కొడుకు వచ్చి కూర్చోబెట్టాడు.

భోజనాల దగ్గర ఆ కార్యదర్శినే పట్టుకుని అడిగాను. "పోలీసుల్ని నక్సలైట్లు చంపితే ఈ హక్కులవాళ్లు నోరెత్తారా అండీ?" అన్నాడు. ఈ ప్రశ్న ఎక్కడ తెలుగువాళ్లు నలుగురు చేరినా వస్తుంది. ఎత్తారండీ! ఆ సంగతి మీదే బాలగోపాల్ ఏళ్లతరబడి సొంతవాళ్లతోనే వాదించి, చివరికి పౌరహక్కుల సంఘం వదిలి 1998లో మిత్రులతో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టాడు. ఇది చెబితే కార్యదర్శి పెరుగన్నం వైపు చూశాడు. అసలు ఎస్సైని చంపింది నక్సలైట్లయితే డాక్టర్ని చంపడమేమిటి?

ఇక్కడి తమిళులను చూస్తే నాకు కుళ్లు. ఎమర్జెన్సీలో మద్రాసు సెంట్రల్ జైల్లో డీఎంకే వాళ్లను చావబాదారు. ఆ దెబ్బలు తిన్న డీఎంకే ఎంపీ చిట్టిబాబు 1977 జనవరిలో చనిపోయాడు, స్టాలినూ దెబ్బలు తిన్నాడు. ఇస్మాయిల్ కమిషన్ వేశారు. మా ఆఫీసులో టీ దగ్గర మామూలు కుర్రాడికి కూడా ఆ కథ తెలుసు. అది పార్టీ కథ కాబట్టి బతికింది, నిజమే. పార్టీ లేని డాక్టరు కథ ఎవరు మోస్తారు? మా సందులో ఎన్టీఆర్ వీరాభిమానుల్లో రామనాథం పేరు విన్నవాళ్లు ఒక్కరు కనబడలేదు.

ఇంతకీ మీరడిగింది: పోలీసులా, ఎన్టీఆరా? ముఖ్యమంత్రి కావాలనుకుంటే పోలీసు చెయ్యి ఎలా తగ్గుతుందో 1989 చివర్లో చెన్నారెడ్డి వచ్చాక కొన్నాళ్లు కనబడింది. సభలు జరిగాయి, పాటలు మళ్లీ వినబడ్డాయి. అదే పోలీసు శాఖ, అదే చట్టం. అది ఎక్కువకాలం నిలవలేదనుకోండి. 1991 డిసెంబర్లో కాంగ్రెస్ ఏలుబడిలోనే వరంగల్ న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డిని చంపారు. తర్వాత చంద్రబాబు కాలంలో పౌరహక్కుల నాయకులే ఇద్దరు హతమయ్యారు, 2000లో పురుషోత్తం, 2001లో ఆజం అలీ. కాబట్టి ఎన్టీఆర్ ఒక్కడి మీదే తోస్తావేం అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కాని మీరు అడిగింది ఆయన గురించి.