మద్దతు ధర ఉండగా ఊళ్ళో వ్యాపారికే ఎందుకు అమ్ముతారు?

"రాజాం దగ్గర మా మావయ్య రెండెకరాల వరి పండిస్తాడు. ప్రభుత్వం మద్దతు ధర ఇస్తున్నా ఏటా ఊళ్ళో వ్యాపారికే తక్కువకి అమ్మేస్తాడు. ఎందుకని అడిగితే 'నీకు తెలీదులే' అంటాడు. ఇదేం అమాయకత్వం?" అని అడిగారు మీరు.

అమాయకత్వం కాదండీ. మీ మావయ్యకి మద్దతు ధర ఎంతో మీకంటే బాగా తెలిసే ఉంటుంది. మీకు చెప్పడానికి మొహమాటపడుతున్నారంతే.

నేను ఆ చుట్టుపక్కల ఊరి కోడల్ని. మా పొలం మడ్డువలస కాలువ కింద ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మేం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాం. మా మావగారు మాత్రం ఇప్పటికీ ఎవరడిగినా "శ్రీకాకుళం జిల్లా" అనే చెబుతారు. డిగ్రీ చదివిన కోడలు వచ్చిందని ఇంట్లో లెక్కల పుస్తకం నా చేతికిచ్చారు. ఎరువుల చిట్టీలు, పాల డబ్బులు, కూలీల లెక్క, చేబదుళ్ళు అన్నీ అందులోనే రాస్తాను. ఆ పుస్తకం తిరగేస్తే మీ ప్రశ్నకి జవాబు చాలా తేలిగ్గా దొరికింది. మా వైపు వడ్ల ధర డిసెంబరులో కళ్ళం దగ్గర తేలదు. జూన్, జూలైల్లోనే తేలిపోతుంది.

ఎలాగో చెబుతాను. జూన్ వచ్చేసరికి చేతిలో డబ్బుండదు. పోయిన పంట డబ్బు సంక్రాంతికి, పెళ్ళి చదివింపులకి, పాత అప్పులకి సరిపోతుంది. అదే నెలలో పిల్లల ఫీజులు, పుస్తకాలు. ఆపైన విత్తనాలు, దుక్కి, ట్రాక్టరు అద్దె, జూలై ఆగస్టుల్లో ఉభాలు, అంటే వరి నాట్లు. ఉభాల కూలీలకి సాయంత్రం చీకటి పడకముందే డబ్బు చేతిలో పెట్టాలి, రేపు మాపు అంటే మర్నాడు పక్క పొలానికి పోతారు. డీఏపీ, యూరియా ఎలాగూ తప్పవు. 45 కిలోల యూరియా బస్తా ఎమ్మార్పీ 266 రూపాయల 50 పైసలే, కానీ అప్పు మీద తీసుకునేవాడికి ఆ ధర అడిగే నోరు ఉండదు. అడిగినా "స్టాకు లేదు, జింకు ప్యాకెట్ తీసుకుంటే చూస్తాను" అంటారు. ఎరువుల కొట్టు నడిపే మనిషే వడ్లూ కొంటాడు, లేదా కొనేది ఆయన బావమరిది. రాసుకున్న కాగితం ఏమీ ఉండదు. "పంట వచ్చాక చూసుకుందాంలే" అనే మాట ఒక్కటే ఉంటుంది. వడ్లు ఎవరికి పోవాలో ఆ రోజే ఖాయమైపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 2025-26కి సాధారణ రకం వడ్లకి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు, గ్రేడ్ ఏ రకానికి 2,389. మా వైపు బస్తా అంటే 80 కిలోలు. అంటే సాధారణ రకం బస్తాకి 1,895 చిల్లర. ఊళ్ళో వ్యాపారి మమ్మల్ని అడిగింది 1,650. దాని మీద బస్తాకి రెండు కిలోలు తరుగు. తినడానికి, విత్తనానికి ఉంచుకుని నలభై బస్తాలు అమ్మారనుకుందాం. ధర తేడా ఒక్కటే 9,800. తరుగు కింద మరో బస్తా గింజలు పోతాయి. మొత్తం పదకొండు వేలు దాటింది. జూలైలో ఆయన ఇచ్చిన పెట్టుబడి నలభై వేలు అనుకుంటే, "వడ్డీ లేకుండా ఇచ్చాను" అని ఆయన చెప్పుకున్న సొమ్ముకి ఐదు నెలలకి మీరు కట్టింది పదకొండు వేలు! నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకున్నా నాలుగు వేలే అయ్యేది. బ్యాంకు పంట రుణమైతే ఏడాదికి 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. ఐదు నెలలకి వెయ్యి లోపు.

ఈ లెక్క మొదటిసారి వేసి చూపించినప్పుడు మా మావగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆయన అర్ధరాత్రి కూడా తలుపు తీస్తాడమ్మా, బ్యాంకు తీస్తాదా?" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. అందుకే ఆ వ్యాపారిని దొంగ అనడం నాకు ఇష్టం ఉండదు. మా అత్తకి ఒక రాత్రి ఒంట్లో బాగోక శ్రీకాకుళం తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు, ఎంతకావాలని కూడా అడక్కుండా నోట్లు తీసిచ్చింది ఆయనే. మా ఆడపడుచు పెళ్ళికి వచ్చి చదివింపులు చదివించాడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకి పనల మీదున్న వరి తడిసిపోతే, తేమ ఎంతని కొలవకుండా తక్కువకైనా ఎత్తుకుపోయింది ఆయన లారీయే. తడిసిన గింజ రెండు రోజులుంటే మొలక వస్తుంది, రంగు మారుతుంది. అప్పుడు ధర గురించి మాట్లాడే ఓపిక ఎవరికుంటుంది? ఆయన అమ్మేది ఎరువులే కాదు, వేళకి అందే డబ్బు. దానికి ధర ఉంటుంది. ఆ ధర బస్తా లోపల దాగి ఉండటమే నా గొడవ. విడిగా "ఇంత వడ్డీ" అని చెబితే రైతు బేరమాడతాడు. వడ్ల ధరలో కలిపేస్తే ఎవరికీ కనపడదు.

ఇక ప్రభుత్వానికి అమ్మడం. అది మీరనుకున్నంత సుళువూ కాదు, మా ఊళ్ళో కొందరు భయపెట్టినంత కష్టమూ కాదు. ముందు ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదు జాబితాలో, పంట నమోదై ఉండాలి, ఈకేవైసీ వేలిముద్ర పడాలి. అది సీజను మధ్యలో జరిగే పని, కోతలప్పుడు గుర్తొస్తే లాభం లేదు. తర్వాత రైతు సేవా కేంద్రానికి, అంటే ఇంతకుముందు రైతు భరోసా కేంద్రం అన్నదానికే, నమూనా గింజలు పట్టుకెళ్ళాలి. తేమ 17 శాతం దాటకూడదు. అక్కడే చాలామంది ఆగిపోతారు. పూర్వం మా వైపు వరి కోసి, పనలు ఎండనిచ్చి, కుప్ప వేసి, తీరిగ్గా నూర్చేవారు. గింజ దానంతటదే ఎండేది. ఇప్పుడు కోత మిషన్ ఒక్క పూటలో కోసి గింజలు పోసేస్తుంది, కానీ అవి పచ్చిగా ఉంటాయి. టార్పాలిన్ల మీద మూడు నాలుగు ఎండలు తిరగెయ్యాలి. మా అత్త మిషను అవసరం లేకుండా గింజ పంటి కింద పెట్టి చెప్పేస్తుంది. టక్‌మని విరిగితే సరే, మెత్తగా నలిగితే ఇంకో ఎండ. ఆవిడ అంచనా దాదాపు ఎప్పుడూ తప్పలేదు.

బస్తాలు దించాల్సిన మిల్లు దగ్గర మరో తంతు. రైతు సేవా కేంద్రంలో పదహారున్నర చూపించిన తేమ, మిల్లు మీటరులో పద్దెనిమిది చూపిస్తుంది. ఒక మిల్లులో బస్తాకి మూడు కిలోలు అదనంగా ఇస్తే దించుకుంటామన్నారు. మా ఆయన ట్రాక్టరు దిగి సేవా కేంద్రం సిబ్బందికి ఫోను చేసి, వాళ్ళొచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. మళ్ళీ కొలిచారు, దించుకున్నారు. ఒంటరిగా వెళ్ళినవాడు అంతసేపు కూర్చోలేడు, ట్రాక్టరు అద్దె గంటల మీద పెరుగుతుంది కదా. అందుకే మేం మూడిళ్ళవాళ్ళం కలిసి వెళ్తాం. ఒకరి బస్తాలు చాలకపోతే ఇంకొకరివి కలిపి ట్రాక్టరు నింపుతాం. ఎవరి బస్తాలకి వాళ్ళ గుర్తు. పోయిన రెండు సీజన్లలో డబ్బులు త్వరగానే ఖాతాలో పడ్డాయి. అంతకుముందు సంక్రాంతి దాటినా రాని ఏళ్ళున్నాయి. మీ మావయ్య ఆ అనుభవం మర్చిపోయి ఉండరు.

ఆ మూడిళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. అది సంఘమేమీ కాదు. ఒకరు మాకు వరసకి బావగారు, ఇంకొకరు గోడ పక్క ఇల్లు. టార్పాలిన్లు తలా రెండు కొనుక్కుని అందరం వాడుకుంటాం. మబ్బు పట్టగానే ఎవరి గింజలన్నది చూడకుండా నలుగురూ పరిగెత్తి కప్పుతారు. వాళ్ళకి పశువులు ఎక్కువ, మాకు ఒక ఆవే. అందుకని మా ఎకరం ఒకటి మిషన్‌తో కోయించకుండా చేత్తో కోయించి ఆ గడ్డి వాళ్ళ వాముకి ఇస్తాం. మిషన్ కోసిన గడ్డి ముక్కలై పొలంలోనే చెదిరిపోతుంది, పశువు సరిగ్గా తినదు. బదులుగా దుక్కికి వాళ్ళ ట్రాక్టరు ముందు మా పొలంలోకి వస్తుంది. డీజిలు మాత్రం మాది. దీనికెవరూ రేటు కట్టలేదు. నేను పుస్తకంలో రాయబోతే మా అత్త "అవి రాస్తారేటే?" అని కోప్పడింది.

మేం వ్యాపారి పెట్టుబడి నుంచి ఒక్కసారిగా బయటపడలేదు. ముందు ఎరువులు నగదుకి కొనడం మొదలుపెట్టాం, అంతే. ఆ నగదు వచ్చింది చిన్న చిన్న అమ్మకాల నుంచి. పాల డబ్బు పది పదిహేను రోజులకోసారి పడుతుంది, వెన్న శాతం లెక్కన. అది మా అత్త సొమ్ము, ఇంటి ఖర్చుకి ముట్టనివ్వదు. వరి కోతకి ముందే పొలంలో తేమ ఉండగా చల్లిన మినుములు, పెసలు మార్చికల్లా చేతికొస్తాయి. ఊళ్ళోకి సైకిలు మీద, ఆటోలో వచ్చేవాళ్ళు కుంచాల లెక్కన, అంటే కొలపాత్రతో కొలిచి, కొంటామంటారు. మేం ఇవ్వం. కాటా వేయిస్తేనే ఇస్తాం. కుంచం తలగట్టి కొలవడంలో వాళ్ళ చేతివాటం మామూలుది కాదు. ఇంటికి సరిపడా ఉంచుకుని మిగతాది మా ఆయన టౌనుకి పట్టుకెళ్తారు. గట్ల మీద, గరువులో (మెట్ట నేలలో) వేసిన వంకాయ, బెండ, చిక్కుడు ఎక్కువైతే సంతకి. రామభద్రపురం కూరగాయల మార్కెట్‌కి మా వైపు నుంచి పెద్ద రైతులు వేస్తుంటారు, అక్కణ్ణుంచి ఒడిశా దాకా సరుకు పోతుంది. మాకున్న రెండు గంపలకి అంత దూరం ఆటో అద్దె గిట్టదు. దగ్గర సంతలో ఆశీలు (సంత రుసుము) కట్టి ఒక మూల కూర్చుంటే పొద్దెక్కేసరికి అయిపోతాయి. సంతలో అమ్మడం మొదట్లో నాకు సిగ్గేసింది కానీ మా తోటికోడలికి మాత్రం అదొక సరదా.

ఈ డబ్బంతా కలిపినా ఎరువులకి సగమే వచ్చింది. మిగతా సగం బ్యాంకు పంట రుణం. ఆ ఏడు వడ్లు ఎవరికి అమ్మాలో మొదటిసారి మేమే నిర్ణయించుకున్నాం.

నిర్ణయించుకున్నాక కూడా కొన్ని బస్తాలు ఆ వ్యాపారికే అమ్మాం, ఇప్పటికీ అమ్ముతాం. ఇది మీకు వింతగా అనిపించొచ్చు. పండగ ముందు చిల్లర ఖర్చులకి ఆ రోజే డబ్బు కావాలి. ఊళ్ళో మొహం చూసుకోవాలి. రేపు మళ్ళీ అర్ధరాత్రి తలుపు కొట్టాల్సి రావచ్చు. పైగా అప్పు లేని రైతుతో ఆయన మాట తీరే మారిపోయింది. తరుగు అడగడు. 1,650 అన్న మనిషి 1,750 దాకా వచ్చాడు. మరో విషయం, రాగోలు పరిశోధన స్థానంలో తయారైన శ్రీకాకుళం సన్నాలు (ఆర్‌జీఎల్ 2537) గానీ, సాంబా లాంటి సన్న రకాలు గానీ అయితే కొన్ని ఏళ్ళలో బయట మద్దతు ధర కంటే ఎక్కువే పలుకుతుంది. అలాంటప్పుడు సేవా కేంద్రానికి పరుగెత్తడం దండగ. మీ మావయ్య ఏ రకం వేస్తున్నారో ముందు కనుక్కోండి.

కాబట్టి డిసెంబరులో వెళ్ళి ఆయనతో వాదించకండి. అప్పటికి ఆయన చేతిలో ఏమీ ఉండదు, మాట పోయిందన్న బాధ తప్ప. మీకు వీలైతే మే నెలలో వెళ్ళండి. ఎరువుల కొట్లో ఎంత బాకీ ఉందో అడగండి. అది తీర్చమని కాదు, వచ్చే పంటకి ఎరువుల వరకు నగదుకి కొనేలా ఓ పదిహేను ఇరవై వేలు చేబదులుగా ఇవ్వండి. మేనల్లుడి దగ్గర తీసుకోవడం మా వైపు నామోషీ కాదు, పంటకి తిరిగి ఇచ్చేస్తారు. ఇచ్చినప్పుడు వద్దనకుండా తీసుకోండి కూడా, లేకపోతే మరుసటి ఏడు అడగరు.

ఆ రెండెకరాలు సొంతమా, కౌలా అన్నది మీరు రాయలేదు. కౌలైతే పైన చెప్పిన దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కౌలు కార్డు లేకపోతే పంట రుణం దొరకడం కష్టం, చాలాసార్లు ఈ-క్రాప్‌లో ఆయన పేరు ఉండదు, అప్పుడు వడ్లు భూమి యజమాని పేరు మీదే అమ్మాల్సి వస్తుంది, డబ్బులూ ఆ ఖాతాలోనే పడతాయి. చాలామంది వ్యాపారికి అమ్మడానికి అసలు కారణం ఇదే. యజమానులు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, సంతకం పెడితే భూమి పోతుందని భయం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే ఆ కార్డు 11 నెలలే చెల్లుతుంది, దానివల్ల భూమి మీద ఏ హక్కూ రాదు. యజమాని ఉగాదికో, ఊరి అమ్మవారి పండక్కో వచ్చినప్పుడు ఈ మాట మీ మావయ్య చెబితే వినరు, చదువుకున్నవాళ్ళు మీరు వెళ్ళి కాగితం చూపించి చెబితే వింటారు.