సేవ్ చేసిన ఆట ఎటు పోతోంది?

కొట్టు కబుర్లు: పాఠకుల కంప్యూటర్ తిప్పలకు నల్లగొండ రిపేరు కొట్టు నుంచి జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల గుమాస్తా పని చేస్త. డిగ్రీ చదివేటప్పుడు దోస్తుల రూముల ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్’ మూడో భాగం రాత్రిళ్లు ఆడేటోళ్లం. మళ్ల ఆడబుద్ధయింది. మిల్లు ఆఫీసుల పక్కన పడేసిన డెస్క్‌టాప్ ఇంటికి తెచ్చుకున్న. విండోస్ 10 ఉన్నది. పాత సీడీ నుంచే ఆట ఎక్కించిన. మూడు తిప్పలైతున్నయి. ఒకటి, మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు సిస్టం దానంతటదే బంద్ అయితది. రెండు, బొమ్మ అడ్డంగ సాగినట్టు, మసకగ కనపడుతది. మూడోది మతి పోగొడుతున్నది. మా కొడుకు ఇంటర్ చదువుతున్నడు. ఇద్దరం ఒక్కటే ఆట వంతులేసుకొని ఆడుతున్నం. నేను మూడో నెల రెండో వారం దాకా తెచ్చి సేవ్ చేస్త. వాడు తెరిస్తే మొదటి నెలలనే ఉంటది. మళ్ల నేను తెరిస్తే మంచిగనే ఉంటది. వాడే చెడగొట్టిండని నేను, నాకే మతిమరుపని వాడు. ఇంట్ల రోజూ లొల్లి. ఎవరి మాట నిజమే?

జవాబు: తప్పు ఇద్దరిదీ కాదు తమ్మీ, ఇద్దరికీ కనపడేదీ నిజమే. సిస్టం బంద్ కావడం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇంట్లో లొల్లి ఆపుదాం.

చూడకుండానే ఒక మాట చెప్తా. మీరు ఐకాన్ మీద రెండుసార్లు నొక్కి ఆట తెరుస్తారు. మీవాడు కుడి బటన్ నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని తెరుస్తాడు. పాత ఆటలు అట్లా తెరవాలని వాడికి ఎవరో చెప్పి ఉంటారు. ఇదే జబ్బు మా కొట్టుకు అన్నదమ్ముల రూపంలో ఒకసారి వచ్చింది, సీపీయూ డబ్బాను చెరొక పక్క పట్టుకొని.

ఈ ఆట 1999లో వచ్చింది. అప్పటి ప్రోగ్రాములు తమ సొంత ఫోల్డర్‌లోనే అన్నీ రాసుకునేవి. దీని సేవ్‌లు కూడా ఆట ఫోల్డర్ లోపల ‘గేమ్స్’ అనే ఫోల్డర్‌లో పడతాయి. విస్టా అనే వెర్షన్ నుంచి విండోస్ పద్ధతి మార్చింది. ప్రోగ్రాములు మామూలుగా ఎక్కే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో అనుమతి లేకుండా ఎవరూ రాయకూడదంది. అట్లా అంటే పాత ప్రోగ్రాములన్నీ మూలపడతాయి కాబట్టి ఒక మాయ చేసింది. మీ మిల్లు లెక్కలోనే చెప్తా. అసలు ఖాతా పుస్తకం సేటు బీరువాలో ఉంది. గుమాస్తా వచ్చి ఖాతా రాస్తానంటే విండోస్ కాదనదు. పక్కన ఒక చిట్టా పుస్తకం పెట్టి, ఇదే ఖాతా రాసుకో అంటుంది. గుమాస్తా చదువుతానన్నప్పుడు రెండూ కలిపి చూపిస్తుంది, ఒకే పద్దు రెండింట్లో ఉంటే చిట్టాలోదే చూపిస్తుంది. సేటు వచ్చి బీరువా తీస్తే మాత్రం అసలు పుస్తకమే కనపడుతుంది, చిట్టా ఒకటి ఉందనే ఆయనకు తెలియదు. మీ ఇంట్లో గుమాస్తా మీరు. సేటు మీ కొడుకు!

ఆ చిట్టా పేరు వర్చువల్‌స్టోర్. సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, అందులో యాప్‌డేటా, లోకల్, ఆ లోపల ఉంటుంది. యాప్‌డేటా దాచిపెట్టిన ఫోల్డర్. పైన ‘వ్యూ’లోకి పోయి ‘హిడెన్ ఐటమ్స్’ దగ్గర టిక్ పెడితే బయటపడుతుంది. అక్కడ పేరు చివర జీఎం1 అనే తోకతో ఉన్న ఫైళ్లే మీరు కష్టపడి గెలిచిన వారాలు. ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. అసలు ఫోల్డర్‌లో ఉన్నవి మీవాడివి, వాటిని వేరే పేరుతో తీయండి. ఒకదాని మీద ఒకటి పోశారంటే నిజంగానే పోతాయి. తర్వాత ఆటను తీసేసి, డి డ్రైవ్‌లో ‘ఆటలు’ అని ఫోల్డర్ చేసి అందులోకి మళ్లీ ఎక్కించి, తీసిపెట్టిన సేవ్‌లను కొత్త ‘గేమ్స్’ ఫోల్డర్‌లో పెట్టండి. ప్రోగ్రామ్ ఫైల్స్ బయట ఈ చిట్టా నాటకం ఉండదు. ఇద్దరి సేవ్‌లకూ వేరువేరు పేర్లు పెట్టుకోండి. మేం ‘3-2-5’ అని పెట్టేవాళ్లం, మూడో నెల, రెండో వారం, ఐదో రోజు. ఆటోసేవ్‌ను నమ్ముకోవద్దు, మీ తర్వాత మీవాడు ఒక్క రోజు ఆడితే అది వాడిదైపోతుంది.

ఇక ఇరవై నిమిషాలకు బంద్ కావడం. అందులో ఆట తప్పేమీ లేదు. పెంటియం 133 అనే పాతకాలపు ప్రాసెసర్ మీద నడవడానికి చేసిన ఆట అది, మీ సిస్టంకు దాన్ని నడపడం ఓ లెక్కా? కాకపోతే పాత ఆటలు కొన్ని, మనం ఆలోచిస్తూ కూర్చున్నా ప్రాసెసర్‌ను ఊరికే తిప్పుతూనే ఉంటాయి. ప్రాసెసర్ వేడెక్కుతుంది. వేడి వంద డిగ్రీల దగ్గరికి పోతే కాలిపోకుండా తనను తానే ఆర్పేసుకుంటుంది. మిల్లు ఆఫీసులో ఏళ్ల తరబడి ఉన్న సిస్టం అంటున్నారు కదా, ఫ్యాను కింద ఉన్న అల్యూమినియం రెక్కల మధ్య ఏముంటుందో నాకు తెలుసు. మిర్యాలగూడ డబ్బా ఏదైనా సరే, నేను మూత బయట అరుగు మీదే తీస్తా. ఊక దుమ్ము పొర పొరంతా ఊడి వస్తుంది, గుడ్డపేలిక లాగా.

ముందు పరీక్ష. పక్క మూత తీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి ఆడండి. గంట దాటినా ఆగకపోతే జబ్బు వేడే. అప్పుడూ ఆగితే సిస్టంకు కరెంటు అందించే డబ్బాను, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి, దాన్ని మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలవ ఉంటుంది. వేడే అని తేలితే ప్లగ్గు పీకి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకొని మెత్తటి బ్రష్షుతో దులపండి. పట్టుకోకుండా గాలి కొడితే రెక్క గిరగిరా తిరిగి బేరింగు పోతుంది. మిల్లులో కంప్రెసర్ ఉంది కదా అని దాన్ని తెచ్చి పెట్టకండి, ఆ గాలిలో నీటి తుంపర, నూనె వస్తాయి. ప్రాసెసర్ వేడిని పైనున్న రెక్కలకు అందించే పాత థర్మల్ పేస్ట్ ఎండి సున్నం అయిపోయి ఉంటుంది. తుడిచేసి కొత్తది కందిగింజంత పెట్టండి, అన్నానికి నెయ్యి వేసినట్టు కాదు. ఇదంతా ఎండలు ముదరకముందే చేయించండి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, మన దిక్కు ప్రాసెసర్ ఎంత?

బొమ్మ సాగడం చిన్న సంగతి. ఆ ఆట తెర కొలత 800 బై 600, మీ మానిటర్ వెడల్పుది. అభిమానులు చేసిన ‘హెచ్‌డి మాడ్’ అని ఉచితంగా దొరుకుతుంది, అది వేస్తే తెరంతా నిండుగా, సాగకుండా వస్తుంది. మీ సీడీ ‘షాడో ఆఫ్ డెత్’ అయినా, అన్నీ కలిపిన ‘కంప్లీట్’ అయినా దానికి సరిపోతుంది. సీడీ గీతలు పడి ఉంటే పాత ఆటలు అమ్మే జీఓజీ వెబ్‌సైట్‌లో ‘కంప్లీట్’ కొనుక్కోవచ్చు, సీడీ డ్రైవ్‌తో పనే ఉండదు. 2015లో వచ్చిన ‘హెచ్‌డి ఎడిషన్’ పేరు చూసి అదే మంచిదనుకొని కొనేరు. అందులో తర్వాతి రెండు విస్తరణలూ లేవు, హెచ్‌డి మాడ్ దాని మీద పనిచేయదు. పేర్లు ఒకేలా ఉండటంతో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

మీ ఉత్తరం చదివి ఆ రోజు మధ్యాహ్నం నేను పని చేయలేదు. ఈ కొట్టు మొదట్లో ఇంటర్నెట్ సెంటర్. గంట లెక్కన అద్దె. రాత్రి షట్టర్ సగం దించి నలుగురం ఒక్క సిస్టం ముందు కూర్చునేవాళ్లం. ‘హాట్ సీట్’ అని ఉంది చూడండి, ఒకే సిస్టం మీద ఎనిమిది మంది దాకా వంతులేసుకొని ఆడొచ్చు. ఒకడి వంతు నడుస్తుంటే మిగతా ముగ్గురం గోడ వైపు తిరిగి కూర్చోవాలి, అది మా కట్టుబాటు. నాకెప్పుడూ నెక్రోపోలిస్ పట్టణమే కావాలి. గెలిచిన ప్రతి యుద్ధం తర్వాత చచ్చినవాళ్లలోంచి అస్థిపంజరాలు లేచి మన సైన్యంలో కలుస్తాయి, జీతాల్లేని కూలీలు. రోజుకు నాలుగు వేల బంగారం ఇచ్చే క్యాపిటల్ నేను కట్టబోయే రోజునే కరెంటు పోయేది. యూపీఎస్ పేరుకే ఉండేది, బ్యాటరీ ఏనాడో చచ్చింది. గడియారం సెంటర్ దాకా నడిచి చాయ తాగి వచ్చేసరికి కరెంటు వచ్చేది, మళ్లీ వారం మొదటి రోజు నుంచి. ఈ ఆటలో కొత్త సైన్యం వారానికోసారి, మొదటి రోజున పుడుతుంది. అందుకని ఏడో రోజు రాత్రి సేవ్ చేయడం మాకు అలవాటైంది. మీరూ చేసుకోండి.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ చదువుతున్నాను. అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ నాది. 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. రాజ్యాలు, మంత్రాలు ఉండే వ్యూహం ఆటలు ఇష్టం. కొనడానికి డబ్బుల్లేవు. దొంగ కాపీ వేస్తే వైరస్ వచ్చింది. ఆన్ చేసిన పావుగంట దాకా డిస్క్ నూరు శాతం అని చూపిస్తుంది. ఏం ఆడగలను?

జవాబు: చెల్లె, దొంగ కాపీ జోలికి మళ్లీ పోకు. నీకు సరిపోయే ఆట ఉచితంగానే ఉంది, దాని పేరు ‘బ్యాటిల్ ఫర్ వెస్నోత్’. 2003లో మొదలైంది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఆటను చేసినవాళ్ల సైట్ నుంచే దించుకో. తేనెపట్టు గదుల్లాంటి గళ్ల మీద వంతులవారీ యుద్ధం. నీ ల్యాప్‌టాప్ నడిపేస్తుంది. బరువనిపిస్తే సెట్టింగ్స్‌లో యానిమేషన్లు ఆపెయ్.

కొత్తగా ఆడేవాళ్లు అందరూ చేసే తప్పు, శత్రువు కనపడగానే మైదానంలోకి ఉరకడం. ఇందులో రాత్రి, పగలు తిరుగుతుంటాయి. మామూలు మనుషుల సైన్యానికి పగలు పాతిక శాతం బలం ఎక్కువ, రాత్రి అంతే తక్కువ. ఆర్క్‌లనే రాక్షసులకు, లేచిన శవాలకు దీనికి తలకిందులు. రాత్రిని తొలి కాపు, మలి కాపు అని రెండు వంతులు చేశారు, చేను కాపలాకు పోయినవాళ్లకు కొత్తేం కాదు. ఆ రెండు వంతులూ ఊళ్లలో దాక్కో. ఊరి గడిలో ఉన్న సైనికుడికి వంతుకు 8 పాయింట్లు దెబ్బ మానుతుంది, పట్టుకున్న ప్రతి ఊరూ బంగారం కూడా ఇస్తుంది. తెల్లారగానే బయటికి రా. ఎల్ఫ్‌లను తీసుకుంటే అడవి గళ్లు వదలకు, చెట్ల మధ్య వాళ్లను కొట్టడం కష్టం.

నూరు శాతం డిస్క్ సంగతి: నీ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్‌డిస్క్ ఉంది. విండోస్ 10కి అది చాలడం లేదు. ముందు వైరస్ పోవాలి కాబట్టి విండోస్ కొత్తగానే వేయాలి. ఎట్లాగూ వేస్తున్నావు కదా, తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్, అంటే సాటా ఎస్‌ఎస్‌డీ మీద వేయించు. పాత హార్డ్‌డిస్క్‌ను పారేయకు. డీవీడీ డ్రైవ్ ఉంటే అది తీసి ఆ జాగాలో క్యాడీ అనే చట్రంలో పెట్టి బిగిస్తారు, ఫొటోలకు పనికొస్తుంది. ర్యామ్ తర్వాత, డబ్బులున్నప్పుడు. ముందు ర్యామ్ కొనమని ఎవరైనా అంటే లేచి వచ్చెయ్.

ప్రశ్న: మాది దేవరకొండ. మా బాబు రోజూ నాలుగు గంటలు కంప్యూటర్‌లో రాజుల యుద్ధం ఆడుతడు. అన్నానికి పిలిస్తే ఇంకొక్క వంతు అంటడు. ఆ వంతు అయిపోదు. కరెంటు బిల్లు కూడా దీనివల్లనే పెరిగిందని మా ఆయన అంటడు. నిజమేనా?

జవాబు: అమ్మా, బిల్లు సంగతిలో మీ ఆయనది సగం అన్యాయం. మానిటర్‌తో కలిపి డెస్క్‌టాప్ 150 వాట్లు తింటుందనుకున్నా నాలుగు గంటలకు 0.6 యూనిట్. నెలకు 18 యూనిట్లు. అన్ని గంటలూ తిరిగితే మీ కూలర్ కూడా దాదాపు అంతే తింటుంది, దాన్ని ఎవరూ తిట్టరు.

అన్నం సంగతిలో మాత్రం బాబు మిమ్మల్ని ఆడిస్తున్నాడు. వంతులవారీ ఆటల్లో శత్రువు మన కోసం కూర్చొని ఉంటాడు, కూర ఆరిపోయినంత తొందరగా రాజ్యం పోదు. చాలా ఆటల్లో వంతు మధ్యలోనే సేవ్ చేసి లేవొచ్చు. తెర మీద నిజంగా యుద్ధం నడుస్తుంటే మాత్రం ఐదు నిమిషాలు ఆగండి, యుద్ధం మధ్యలో కొన్ని ఆటలు సేవ్ కానివ్వవు. ఈ కిటుకు నేను చెప్పానని వాడితో అనకండి.

ప్రశ్న: సార్, గద్వాల నుంచి రాస్తున్నా. ప్లగ్గు తీసి పెట్టినప్పుడల్లా నా సిస్టం తేదీ 2009కి పోతుంది. సేవ్ చేసిన ఆటలన్నీ తేదీల వరుస తప్పి, ఏది కొత్తదో తెలియడం లేదు. కొన్ని వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. మదర్‌బోర్డు పోయిందని ఒకరు చెప్పారు.

జవాబు: మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసే సెల్లు పోయింది, అంతే. తేదీ తప్పితే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనపడతాయి, అందుకే తెరుచుకోవు. గడియారాల కొట్టులో సీఆర్ 2032 అని అడగండి. ప్లగ్గు పీకి, పక్కన ఉన్న చిన్న కొక్కెం నొక్కితే పాతది పైకి లేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు అక్షరాలున్న వైపు పైకి ఉండాలి.