గానుగ పెట్టబోతున్న నా బిడ్డకు

బిడ్డా,

గానుగ పెడతానని నువ్వు చెప్పినప్పటి నుంచి మనసు నిండా అదే ఉంది. మన వనపర్తి చుట్టూ యాసంగిలో పండే పల్లీ బస్తాలకు బస్తాలు బయటికి పోతుంటే చూస్తూ పెరిగినవాళ్లం. ఇక్కడే నూనె తీసి అమ్ముతానని మనింటి ఆడపిల్ల అంటే నాకెంత సంతోషమో.

ముందు ఒక్కటి చెప్పు. మిషన్ ఎవరి పేరు మీద? అమ్మిన డబ్బు ఎవరి ఫోన్‌లో పడుతుంది?

ఎందుకు అడుగుతున్నానంటే, సంఘం అప్పుతో మేం పిండిగిర్ని పెట్టినప్పుడు సంతకం నాది, గల్లాపెట్టె తాళం మీ చిన్నాయనది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ నాలుగేళ్లలో ఏ నెల ఎంత మిగిలిందో నాకు తెలియలేదు. గిర్ని మూతపడ్డాక కిస్తీలు మాత్రం నేనే రెండేళ్లు కట్టాను. అందుకే బ్యాంకులో కరెంట్ అకౌంట్, అంటే వ్యాపారపు ఖాతా, నీ పేరున తెరువు, క్యూఆర్ కోడ్ దానికే పెట్టు. అల్లుడు మార్కెట్ యార్డుకు పోయి పల్లీ కొనుక్కొస్తానంటే రానీ, మంచిదే. రాత్రి లెక్క మాత్రం నీ చేత్తో రాయి.

ఇంటి పని సంగతి మిషన్ కొనకముందే తేల్చుకో. పొద్దున వంట ఎవరు, పిల్లల్ని బడికి దింపేది ఎవరు, అందరినీ కూర్చోబెట్టి అడుగు. తర్వాత చూద్దాం అనుకుంటే ఆ భారం నీ మీదే పడుతుంది, షాపు పదకొండైనా తెరవలేవు.

అప్పుకు జిల్లా పరిశ్రమల కేంద్రంలో పీఎంఈజీపీ గురించి అడుగు, అది చిన్న యూనిట్లకు బ్యాంకు అప్పు, సబ్సిడీ ఇప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం. పల్లెలో యూనిట్ పెట్టే ఆడవాళ్లకు సొంత వాటా 5 శాతం, సబ్సిడీ 35 శాతం. 5 లక్షల యూనిట్ అయితే నీవి 25 వేలు, సబ్సిడీ 1,75,000. అది చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. ముందే ఇప్పిస్తానని ఎవరైనా కమీషన్ అడిగితే దూరం పెట్టు. చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, దానికీ డబ్బులు గుంజేవాళ్లున్నారు. 10 లక్షల లోపు ఇలాంటి అప్పుకు ఇల్లు, పొలం తాకట్టు అడగకూడదు. ఒక బ్యాంకులో నన్ను "మీ ఆయన్ని తీసుకురామ్మా" అని వెనక్కి పంపారు. నేను తిరిగొచ్చేశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నువ్వు మాత్రం కుర్చీలోంచి లేవకు. కాదంటే ఎందుకో రాసివ్వమని అడుగు.

నూనె సంగతి. రెండున్నర, మూడు కిలోల గింజలు పోస్తేగాని కిలో నూనె రాదు. ధర వేసేటప్పుడు ఇది మరవకు. నూనె తీశాక మిగిలే చెక్కను బర్రెల దాణాకు అమ్ముకుంటే కొంత కలిసొస్తుంది. కోత సమయంలో కొని, బాగా ఎండబెట్టి దాచు. ముడతలు పడ్డవి, బూజు పట్టినవి కూర్చుని ఏరెయ్యి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది కాలేయాన్ని చెడగొడుతుంది. ఈ పని కూలికి వదిలెయ్యకు, పక్కనుండి చూడు. సీసా అమ్మకముందే ఆహార లైసెన్సు తీసుకో.

సోమవారం బ్యాంకుకు పోతానన్నావు కదా, నేనూ వస్తాను. బయట బెంచీ మీద కూర్చుంటా. లోపల మాట్లాడేది నువ్వే.

మీ చిన్నమ్మ