ఇంట్లో పిల్లలకి చదువు చెప్పుకుంటున్న అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి,

గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న నువ్వు ఫోన్లో చెప్పినవన్నీ మనసులో తిరుగుతూనే ఉన్నాయి. ఫోన్లోనే జవాబు చెబుదామంటే మధ్యలో పిల్లలు నిన్ను మాట్లాడనివ్వరు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పెద్దాడికి ఏడు, చిన్నదానికి నాలుగున్నర. ఇద్దర్నీ ఇంట్లోనే చదివిద్దామని నువ్వూ అల్లుడూ అనుకుని జూన్‌లో మొదలుపెట్టారు. "పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చోబెడుతున్నా సిలబస్ అవట్లేదు పెద్దమ్మా, సాయంత్రానికి నాకే ఏడుపొస్తోంది" అన్నావు. ముందు ఆ తొమ్మిది నుంచి రెండు అనేది తీసెయ్యి తల్లీ. సిలబస్ సంగతి తర్వాత చూద్దాం.

బడిలో ఒక గదిలో ముప్పై నలభై మంది ఉంటారు. హాజరు తీసుకోవాలి, గొడవలు తీర్చాలి, అందరి చేతా పుస్తకాలు తీయించాలి, వెనక బెంచీవాడు రాసేదాకా ముందు బెంచీవాడు ఆగాలి. అందుకే అక్కడ అన్ని గంటలు పడతాయి. నీ దగ్గర ఉన్నది ఇద్దరే. ఏడేళ్లవాడికి కూర్చుని చేసే చదువు రోజుకి గంటన్నర చాలు, అదీ రెండు మూడు విడతలుగా. చిన్నదానికి అరగంట దాటనివ్వకు. నా పిల్లలిద్దరికీ చిన్న తరగతులు నేను ఇంట్లో చెప్పుకున్నది ఇలాగే. పిల్లలకి వచ్చే ఏళ్లలో పుస్తకాలు దొరుకుతాయి, మాస్టార్లు దొరుకుతారు. నీ ఓపిక అయిపోతే మాత్రం తెచ్చిపెట్టేవాళ్లు లేరు. ఇక నుంచి ఏ పని పెట్టుకున్నా, ఇది నా ఓపికని ఎంత తినేస్తుంది అని ముందు లెక్క వేసుకో.

మన ఊళ్లలో ఎండకి పది దాటాక పెద్దవాళ్లకే బుర్ర పనిచెయ్యదు. వేసవిలో మరీనూ. అందుకని లెక్కలు, తెలుగు రాత లాంటి బరువైనవి టిఫిన్ కాకముందే, ఆరున్నర ఏడు మధ్య మొదలుపెట్టి ఎనిమిది లోపల ముగించు. పాలు తాగి కూర్చుంటే చాలు, స్నానం తర్వాతైనా అవుతుంది. ఆ వేళకి వీధిలో హారన్లు ఉండవు, నీ ఫోన్ మోగదు. టిఫిన్ అయ్యాక ఇంకో అరగంట ఇంగ్లిషు. సాయంత్రం చల్లబడ్డాక చదివి వినిపించడం. అంతటితో ఆ రోజు చదువు పూర్తయినట్టే.

పెద్దాడికి చెబుతుంటే చిన్నది ఒళ్లో ఎక్కి పుస్తకం లాగేస్తోందన్నావు కదా. ముందు దానికి చెప్పు. పావుగంట అది ఒక్కతే నీ ఒళ్లో కూర్చోవాలి, బొమ్మల పుస్తకమో, పలకో, ఏదైనా సరే. అమ్మ తన వంతు తనకి ఇచ్చేసిందని తెలిస్తే తర్వాత అరగంట తనంతట తాను ఆడుకుంటుంది. చాలామంది తల్లులు పెద్దవాడి చదువు అయ్యాక దీన్ని చూద్దాం అనుకుంటారు. అది ఆ చదువుని ఎప్పటికీ కానివ్వదు.

దానికి రాత ఇప్పుడే వద్దు. వేళ్లకి బలం రావాలి ముందు. చిక్కుడుకాయలకి ఈనెలు తీయనియ్యి, బఠాణీలు ఒలవనియ్యి, కందిపప్పులో రాళ్లు ఏరనియ్యి. వాకిట్లో నువ్వు ముగ్గు వేసేటప్పుడు చుక్కలు దాని చేత పెట్టించు. అయిదు చుక్కల వరస, దాని పైనా కిందా నాలుగు, ఆపైన మూడు అని పెడుతూ పోతే లెక్కా వస్తుంది, చెయ్యీ కుదురుతుంది. పలక మీద అ, ఆ దిద్దించడానికి ఇంకో ఏడాది టైముంది.

లెక్కలకి నీకు వంటిల్లు చాలు. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ పోస్తావు కదా, ఆ పని పెద్దాడికి అప్పజెప్పు. "రేపు బాబాయివాళ్లు వస్తున్నారు, గ్లాసున్నర పప్పు నానబెడుతున్నా, రవ్వ ఎంత కావాలి?" అని అడుగు. వెంటనే జవాబు చెప్పెయ్యకు. వాడు గ్లాసులు నేల మీద పేర్చుకుని చూసుకోనీ. మీ బెజవాడ పటమట రైతుబజారుకి వెళ్లేటప్పుడు వంద రూపాయల నోటు వాడి చేతికివ్వు. అక్కడ రోజూ ధరల బోర్డు పెడతారు. ముందు ఆ బోర్డు దగ్గర నిలబడి వంకాయ, బెండకాయ, దొండకాయ అని వాడే చదవాలి, పక్కన కిలో ధర చూడాలి, పావుకిలోకి ఎంతవుతుందో చెప్పాలి. కూరలు నువ్వు ఏరుకో, చిల్లర వాడు లెక్కపెట్టుకోవాలి. వెనక జనం తొందరపెడతారనుకో, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లు. పావు, అర, ముప్పావు అనేవి చేత్తో పట్టుకున్నవాడికి రేపు భిన్నాలంటే టెన్షన్ ఉండదు.

తెలుగు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నువ్వు భయపడుతున్నది అక్కడే. పెద్దాడికి అక్షరాలు, గుణింతాలు వచ్చాయి, ఒత్తుల దగ్గర ఆగిపోయాడు అన్నావు. ఒత్తులన్నీ ఒక చార్టు మీద పెట్టి బట్టీ వేయించకు. వాటిలో రెండు రకాలున్నాయి. గ, చ, జ, ట, డ, ద, ప, బ లాంటి వాటికి ఒత్తు దాదాపు ఆ అక్షరమే, తలకట్టు ఉంటే అది పోయి కింద చిన్నగా వస్తుంది. బుగ్గ, పిచ్చుక, గజ్జెలు, చెట్టు, గడ్డి, ముద్ద, కప్ప, డబ్బా. వీటిని ముందు చదివించు, పిల్లవాడికి తేలిగ్గా పట్టుబడతాయి. త, న, మ, య, ర, ల, వ ఈ ఏడింటి ఒత్తు చూస్తే అసలు అక్షరం గుర్తురాదు. పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. వీటికి రోజుకొకటి చొప్పున తీసుకో: అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల, పువ్వు. చూశావా, సగం ఇంట్లోవాళ్లే. వాళ్ల పేర్లు చీటీల మీద రాసి ఎవరి చీటీ వాళ్లకి ఇచ్చి రమ్మను. ఏడూ కుదిరాక సంయుక్తాక్షరాలకి వెళ్లు, తొందరేం లేదు.

తెలుగు చదవడం ధారాళంగా వచ్చేదాకా ఇంగ్లిషు మాట వరకే ఉంచమంటాను నేను. పిల్లల చేత మాట్లాడించు, చదివి వినిపించు, స్పెల్లింగులు పెట్టుకోకు. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లిషు ఉంటాయి. లెక్కలకి ఆ పుస్తకం పెట్టుకో. వాడికి అర్థం తెలుగులో తెలుస్తుంది, పేర్లు ఇంగ్లిషులో తెలుస్తాయి. నువ్వు మూడు వేలు పోసి తెప్పించిన వర్క్‌బుక్కుల కట్ట అటక మీద పెట్టు.

వారానికి ఒక పూట బయటికి తీసుకెళ్లు. ఒక్క చోటుకే, కొంచెంసేపే. ఇప్పుడు వరద వచ్చే రోజులు కాబట్టి ప్రకాశం బ్యారేజీతో మొదలుపెట్టు. పొద్దున్నే ఒక చివర నుంచి నడుస్తూ గేట్లు లెక్కపెట్టమను, 70 ఉంటాయి. పదేసి చొప్పున వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టించు. ఎన్ని ఎత్తారో, ఎంత ఎత్తారో చూడమను. టీవీలో క్యూసెక్కులు అంటారు కదా, అవేంటని వాడు అడుగుతాడు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి సుమారు 28 లీటర్లు. మీ ఇంటికొచ్చే వాటర్ క్యాన్ 20 లీటర్లది. ఒక్క సెకనులో ఒక క్యానూ, ఇంకో దాన్లో సగానికి కొంచెం తక్కువా పోయాయన్నమాట. 2024 సెప్టెంబరు వరదలో ఈ బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. అదే రోజుల్లో సింగ్‌నగర్ వైపు మునిగింది మాత్రం బుడమేరు వాగు పొంగి. ఈ రెండు నీళ్లూ ఎటు నుంచి వచ్చాయో ఇంటికొచ్చాక నేల మీద సుద్దముక్కతో గీయించు. బందరు కాలువ, ఏలూరు కాలువ ఎటు పోతాయో కూడా. నువ్వు భూగోళం చెప్పాల్సిన పనే ఉండదు.

కొండపల్లి ఎలాగూ దగ్గరే. అక్కడ తెల్ల పొణికి కర్ర చెక్కడం, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మకి చేతులు అతికించడం పిల్లలు కళ్లారా చూడాలి. బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం, ఏటికవతల ఉండవల్లి గుహలు వానలు తగ్గాక చూడొచ్చు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో తెలుగు బొమ్మల కథలు చవగ్గా దొరుకుతాయి. పుస్తకం వాళ్లనే ఏరుకోనియ్యి.

ఇక కాగితాల సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో ఉంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకి శిక్ష అని లేదు, ఇంటి చదువు గురించి విడిగా మాటా లేదు. ఇది తెలుసుకునే ఈ పని చెయ్యండి. రేపు మీ మనసు మారితే అదే చట్టం ప్రకారం పిల్లవాడిని వయసుకి తగ్గ తరగతిలో చేర్పించొచ్చు. కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూలు సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో చిన్న పిల్లలకి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది, దాన్లో ఎ, బి, సి స్థాయిలు 3, 5, 8 తరగతులకి సమానం. పదో తరగతి 14 ఏళ్లు నిండాక అక్కడ గానీ, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా గానీ రాయొచ్చు. పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఆధార్లు ఒక ఫైల్లో పెట్టుకో. ఒక నోటుబుక్కులో రోజూ రెండు లైన్లు, ఏం చదివారు, ఎక్కడికెళ్లారు అని తేదీ వేసి రాసుకో. ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

బడిలో చదువుతోపాటు వచ్చే కొన్ని విషయాలు ఇంట్లో మర్చిపోతాం. అయిదారేళ్ల మధ్య వేయించాల్సిన డీపీటీ టీకా బూస్టర్ డోసు పెద్దాడికి అయిందో లేదో కార్డు చూడు. పదేళ్లకి టీడీ టీకా ఉంటుంది. ఫిబ్రవరి 10న బడుల్లో నులిపురుగుల మందు వేస్తారు, మీవాళ్లకి అంగన్‌వాడీలో అడిగి వేయించు. కళ్లు కూడా పరీక్ష చేయించు. బోర్డు కనపడట్లేదని టీచరు పట్టుకుంటుంది, ఇంట్లో బోర్డే ఉండదు కాబట్టి మనకి తెలియదు.

సాయంత్రం ఆట మాత్రం ఏ రోజూ మానిపించకు. అన్నాచెల్లెళ్లు ఇద్దరే ఆడుకుంటే సరిపోదు. పార్కులో అయినా, మీ అపార్ట్‌మెంట్ కింద అయినా వాడి ఈడు పిల్లలతో గంట సేపు పరుగెత్తాలి, ఓడిపోవాలి, అలగాలి, మళ్లీ కలవాలి. ఈ ఒక్క విషయంలో బడి పిల్లలకి ఉన్నది మీవాళ్లకి లేదు, నువ్వే వెతికి తెచ్చిపెట్టాలి.

బెజవాడలో ఏ మలుపు తిరిగినా ర్యాంకుల ఫ్లెక్సీలే కాబట్టి "మీవాడు ఏ స్కూలు?" అని లిఫ్టులో కూడా అడుగుతారు. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో వేస్తున్నారు, వెనకబడిపోతాడు అంటారు. నువ్వు వాదనకి దిగకు, ఓపిక దండగ. పెద్దాడికి మాత్రం ఒక జవాబు నేర్పు: "ఇంట్లో చదువుకుంటున్నానండీ, మా అమ్మ చెబుతుంది." తలెత్తి చెప్పాలి వాడు. దాచిపెట్టే విషయమని వాడికి ఎప్పుడూ అనిపించకూడదు.

మీ అత్తగారు ముభావంగా ఉంటున్నారన్నావు. ఆవిడకి భయం తల్లీ, మనవడి భవిష్యత్తు ఏమవుతుందోనని. పని అప్పజెప్పు. రాత్రి కథలు, పద్యాలు ఆవిడవి. నువ్వు ఆ గదిలోకి వెళ్లకు, ఎలా చెప్పారని అడగకు. వాడు భోజనాల దగ్గర పద్యం ఒప్పజెబితే ఆవిడ భయం సగం తగ్గుతుంది. అల్లుడికి ఆదివారం పొద్దున లెక్కలు, బయటికి తిప్పడం ఇవ్వు. ఆ పూట నువ్వు ఇంట్లో ఉన్నా లేనట్టే.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా నీది. పిల్లలు నిద్రపోకపోయినా సరే, ఎవరి చాప మీద వాళ్లు, పుస్తకమో బొమ్మలో పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా ఉండాలి. వారం రోజులు గొడవ చేస్తారు, తర్వాత అలవాటవుతుంది. ఆ టైములో అంట్లు తోమకు, పాఠాలు తయారుచెయ్యకు. పడుకో. జ్వరాలొచ్చిన రోజూ, చుట్టాలొచ్చిన రోజూ ఏమీ చెప్పలేకపోతే రాత్రి ఒక కథ చదివి వినిపించి వదిలెయ్యి. ఆ ఒక్కటీ జరిగితే ఆ రోజు నోటుబుక్కులో రాసుకోవడానికి సరిపోతుంది.

దసరా రద్దీ తగ్గాక నేను వచ్చి వారం ఉంటాను. పిల్లలిద్దర్నీ నాకు అప్పజెప్పి మీ అమ్మ దగ్గరికి వెళ్లిరా. ఈలోపల పెద్దాడి చేత నాకో కార్డు రాయించు. అమ్మ, పువ్వు, గొర్రె, ఏ మాటలు వస్తే అవే రాయమను. నువ్వు దిద్దొద్దు, ఉన్నదున్నట్టు పోస్టు చెయ్యి. ఒత్తులు ఎంతవరకు వచ్చాయో చూసి మళ్లీ రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ