ఫార్మాట్ తప్పదన్నారా? సిస్టమ్ ఇంటికి తెచ్చేసుకోండి

అడిగిన ప్రశ్న ఇది: "విండోస్ 10 నుంచి 11కి మారాలి. ప్రోగ్రాములు, ఫైళ్లు పోకుండా అప్‌గ్రేడ్ చేసుకోవచ్చా? షాపులో అడిగితే ఫార్మాట్ తప్పదంటున్నారు."

తప్పుతుంది. శుభ్రంగా తప్పుతుంది.

కడపలో ఏడు రోడ్లకి దగ్గర్లో చిన్న డీటీపీ షాపు నాది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్ బుక్కులు. తెలుగు టైపుకి అను, ఉర్దూ టైపుకి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ పెట్టుకోకపోతే కడపలో పత్రికల వ్యాపారం నడవదు. నేను చదివింది బీకాం, కంప్యూటర్ కాదు. అయినా ఈ ఒక్క విషయంలో ఇంజనీర్లకి కూడా పాఠం చెప్పగలను, ఎందుకంటే జేబులోంచి ఫీజు కట్టి నేర్చుకున్నా.

మా వైపు ఆర్‌ఎంపీ దగ్గరికి ఏ నొప్పితో పోయినా సూది వేసి పంపినట్టు, సిస్టమ్ దేనికి తీసుకుపోయినా ఫార్మాటే, అంటే అంతా తుడిచేసి విండోస్ కొత్తగా వేయడమే. స్లో అయిందా, ఫార్మాట్. ప్రింటర్ పలకడం లేదా, ఫార్మాట్. వాళ్లనీ పూర్తిగా తప్పు పట్టలేం. వాళ్లకది లెక్క తెలిసిన పని, గంటలో అయిపోతుంది. ఆ తర్వాత పదేళ్ల సంసారం మళ్లీ సర్దుకునేది మనం కదా.

ఇక నా కథ. విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయింది 2020 జనవరి 14న. ఆ ఏడు సరిగ్గా అదే రోజు భోగి. పాత సామానంతా మంటలో వేసే రోజునే దాన్నీ వేసేశారని మేం నవ్వుకున్నాం. పండగ అయిపోయాక, మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేలోపు 10 వేయించేసుకుందామని తెలిసిన షాపు నుంచి కుర్రాణ్ణి పిలిపించా. వచ్చాడు, కూర్చున్నాడు, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అన్నా, ముఖ్యమైనవన్నీ డీలో ఉండాయి కదా?"

"ఆ, డీలోనే ఉండాయి" అన్నా. జిరాక్స్ కోసం నలుగురు నిలబడి ఉన్నారు, నా ధ్యాస అటు ఉంది.

అంతే. నేను ఆధార్ కార్డు రెండు వైపులా ఒకే పేజీలో వచ్చేట్టు తిప్పి తిప్పి తీసే లోపల వాడు విండోస్ ఉండే సీ డ్రైవ్ లేపేశాడు. సాయంత్రానికి కొత్త విండోస్, కొత్త వాల్‌పేపర్. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. డబ్బులిచ్చి, టీ తాగించి పంపించా.

మర్నాడు పొద్దున ఒక పెద్దాయన వచ్చాడు, రాయచోటి వైపు మనిషి. కూతురి పెళ్లి, అయిదు వందల పత్రికలు. ప్రూఫ్ రెండుసార్లు దిద్దుకున్నాడు, ఇక అచ్చేయడమే తరువాయి. పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ వేసుకుని డీలోంచి ఆయన ఫైల్ తెరిచా. "శ్రీరస్తు, శుభమస్తు" ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న విదేశీ అక్షరాలు, మధ్య మధ్యలో ఒక డాలర్ గుర్తు. వధువు పేరు ఉండాల్సిన చోట మూడు బ్రాకెట్లు, ఒక ప్రశ్నార్థకం. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగి చూసి, "ఇదేం బాస సామీ?" అన్నాడు.

ఫైల్ ఎక్కడికీ పోలేదు. పోయింది ఫాంటు. ఇప్పుడు ఫోన్‌లో మనం కొట్టే తెలుగు యూనికోడ్. దాంట్లో 'క' అంటే ఏ మిషన్‌లోనైనా 'క'నే. డీటీపీలో వాడే పాత ఫాంట్లు అలా కాదు. ఫైల్ లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల నంబర్లే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంట్లన్నీ సీలో విండోస్ ఫోల్డర్‌లో కూర్చుని ఉంటాయి. సీ పోతే చొక్కా పోయినట్టే, మిగిలేది అస్థిపంజరం. ఆ కుర్రాడికి ఈ సంగతి తెలియదు, పాపం వాడు ఎప్పుడైనా తెలుగు టైప్ చేస్తే కదా. పదిహేనేళ్లుగా దాని మీదే బతుకుతున్న నాకు తెలిసీ నోరు మెదపలేదు.

ఆ ఫాంట్లున్న నా అను సీడీ ఉంది. కానీ గీతలు పడిపోయి మా డ్రైవ్ చదవలేదు. చొక్కా అంచుతో తుడిచా, పౌడర్ రాసి తుడిచా, ఊహూ. చివరికి ప్రొద్దుటూరులో ఇదే వ్యాపారం చేసే స్నేహితుడి షాపులో పాత డ్రైవ్ ఉందంటే బస్సెక్కి పోయి అక్కడ చదివించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా. రాత్రి తొమ్మిదికి పెద్దాయన పత్రికలో తెలుగు మళ్లీ వచ్చింది. ఇక ఆగలేక ఆ రాత్రే అచ్చుకిచ్చేశా.

అసలు దెబ్బ అక్కడ తగిలింది. రెండోసారి దిద్దిన ప్రూఫ్ నేను డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నా. డెస్క్‌టాప్ ఉండేది సీలోనే. డీలో ఉన్నది మొదటిసారి కొట్టిన ఫైల్. దాంట్లో ముహూర్తం పగలు 10:20 అని ఉంది. ఆయన రాత్రి అని దిద్దించుకున్నాడు. అయిదు వందల పత్రికలూ పగలు 10:20 అనే వచ్చాయి. కట్ట విప్పి మొదటి పత్రిక చదివి, కోప్పడకుండా నా వైపు చూశాడు చూడండి, తిట్టినా బాగుండేది. మళ్లీ అయిదు వందలు నా ఖర్చుతో. పగలు 10:20 పత్రికల వెనక వైపు ఏడాది పాటు చిల్లర లెక్కలు రాసుకున్నా.

కడుపు మండే విషయం ఏంటంటే, ఆ రోజు కూడా ఫార్మాట్ అక్కర్లేదు. విండోస్ 7 మీదే ఉండి 10 సెటప్ నడిపితే ప్రోగ్రాములూ ఫైళ్లూ ఉంచమంటావా అని అదే అడిగేది. 32 బిట్ విండోస్ నుంచి 64 బిట్‌కి మారేటప్పుడు అది కుదరదు. నాది రెండు వైపులా 64 బిట్టే. ఈ ముక్క నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

అందుకే 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి కూడా సపోర్ట్ అయిపోతుందని తెలిసినప్పుడు ఎవర్నీ పిలవలేదు. దీపావళికి సరిగ్గా ఆరు రోజుల ముందు ఆగిపోయింది, వీళ్లు తారీఖులు మన పంచాంగం చూసి పెడతారేమో. ఆదివారం షట్టర్ సగం దించి నేనే కూర్చున్నా. ఈసారి మిషన్ వేరు, 2021లో కొన్నది.

ముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫాంట్ల ఫోల్డర్, మొత్తం డీ డ్రైవ్ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశా. డీలో ఉంటే భద్రం అనుకునేవాళ్లకి ఒక మాట. చాలా మిషన్లలో డీ అంటే పక్కిల్లు కాదు, అదే ఇంట్లో పక్క గది. డిస్క్ చచ్చిపోతే రెండూ కలిసే పోతాయి. లెక్కలకి ట్యాలీ వాడేవాళ్లు డేటా ఫోల్డర్ దారి ట్యాలీలోనే చూసుకుని దాన్ని విడిగా కాపీ చేసుకోండి, అది డాక్యుమెంట్స్‌లో ఉండదు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే కంప్యూటర్లో నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే, తాళం చెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే.

తర్వాత పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం నడిపితే మీ మిషన్ 11కి పనికొస్తుందో లేదో చెప్పేస్తుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ అంటారు గానీ చాలామంది ఆగిపోయేది టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు దగ్గర, ప్రాసెసర్ దగ్గర. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైవే. టీపీఎం లేదని చూపిస్తే కంగారు పడకండి, ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో, ఆఫ్ అయి ఉండొచ్చు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఆన్ చేస్తే సరి.

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గరే 11 కనిపిస్తుంటే అది నొక్కండి చాలు, ఇంకేం వద్దు. నాకు కనిపించలేదు. విండోస్ సెటప్ అంతా ఒకే ఫైల్‌గా ఉండే ఐఎస్ఓ దించుకున్నా, అయిదు జీబీ పైమాటే. ఇక్కడే అసలు కిటుకు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రాములు ఉండవు. మామూలుగా విండోస్ 10లోకి వచ్చి, ఆ ఐఎస్ఓని డబుల్ క్లిక్ చేసి, లోపల ఉన్న సెటప్‌ని అక్కడి నుంచే నడపాలి. ఫార్మాట్‌కీ అప్‌గ్రేడ్‌కీ తేడా అంతా ఆ ఒక్క అడుగులోనే ఉంది. షాపు వాళ్లు ఎందుకు చెప్పరో మీరే ఆలోచించుకోండి.

చివర్లో ఏమేం ఉంచాలో అడుగుతుంది. ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచు అన్నది ఎంచుకోవాలి. నాకు మొదటిసారి ఆ వరుస బూడిద రంగులో ఉంది, నొక్కితే పడట్లేదు. గుండె జారింది. ఇంకొకడైతే "ఫైళ్లు మాత్రమే" నొక్కి ముందుకు పోయేవాడు. నేను పోలేదు, పాత దెబ్బ గుర్తుంది కదా. ఆపేసి వెతికితే తేలిందేంటంటే, నేను దించుకున్నది ఇంగ్లీష్ ఇంటర్నేషనల్, నా విండోస్ వేసినది యునైటెడ్ స్టేట్స్ ఇంగ్లీషు. రెండూ ఇంగ్లీషే! మన గోదావరి తెలుగుకీ కడప తెలుగుకీ ఉన్నపాటి తేడా కూడా లేదు, అయినా దానికి పట్టింపే. సరైనది మళ్లీ దించుకుంటే వరుస నల్లగా వెలిగింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి మొదలుపెట్టా. నాలుగైదు సార్లు దానంతటదే ఆరి వెలిగింది. ఎనభై దాటాక ఒకచోట శాతం అరగంట కదల్లేదు. ముట్టుకోలేదు. అలాంటప్పుడు బటన్ నొక్కి ఆపేసేవాళ్లే మళ్లీ షాపు మెట్లెక్కేది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, అది వేరే పురాణం. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీయొద్దు. రెండున్నరకి లాగిన్ స్క్రీన్ వచ్చింది.

పేజ్‌మేకర్ ఉంది. 2001లో వచ్చిన 7.0, దాని తర్వాత ఇంకో వెర్షనే రాలేదు, అయినా నా అన్నం పెట్టేది అదే. అనుని ఒక్కసారి అడ్మినిస్ట్రేటర్‌గా నడపాల్సి వచ్చింది. ఇన్‌పేజ్ మామూలుగా తెరుచుకుంది. స్టార్ట్ బటన్ మధ్యలోకి పోయి కూర్చుంది, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో ఎడమకి లాక్కున్నా. సీలో విండోస్.ఓల్డ్ అని పెద్ద ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది, జాగా తింటోందని తుడిచేయకండి. నచ్చకపోతే పది రోజుల లోపల వెనక్కి పోవడానికి అదే దారి. మీ మిషన్ 11కి పనికిరాదని తేలితే మాత్రం షాపు సిస్టమ్ మీద అడ్డదారులు తొక్కొద్దు. విండోస్ 10కే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే ఏర్పాటు ఉంది, నమోదు చేసుకోండి. ఈలోపు డబ్బు కూడబెట్టుకోవచ్చు.

మొన్న కార్తీకంలో ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి గృహప్రవేశం. వేరే షాపుకి పోకుండా నా దగ్గరికే ఎందుకొచ్చాడో అడిగే ధైర్యం నాకు లేదు. ప్రూఫ్ తీసి చేతికిచ్చా. దేవుడి బొమ్మ చూడలేదు, పేర్లు చూడలేదు. కళ్లద్దాలు పెట్టుకుని వేలు నేరుగా ముహూర్తం మీద పెట్టాడు.

"పగలా, రాత్రా సామీ?"