ప్రెడిక్షన్ పోటీల్లో ఫేవరెట్లనే రాస్తే మొదటి స్థానం ఎందుకు రాదు?

మ్యాచ్ ఫలితాలు ముందే ఊహించి రాసి పాయింట్లు తెచ్చుకునే ప్రెడిక్షన్ పోటీల్లో, ప్రతి మ్యాచ్‌కీ బలమైన జట్టునే (ఫేవరెట్‌నే) రాస్తున్నా మొదటి స్థానం ఎప్పుడూ రావట్లేదని ఒకరు అన్నారు. నాకూ చాలా ఏళ్లు అంతే జరిగింది.

నాకు విషయం తలకెక్కింది 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో. అర్జెంటీనా 2-1తో సౌదీ అరేబియా చేతిలో ఓడింది. మా ఆఫీసు పోటీలో 40 మందిమి, సౌదీ గెలుస్తుందని ఒక్కరూ రాయలేదు. అందరికీ సున్నా. సాయంత్రం పట్టిక చూస్తే ఎవరి స్థానమూ కదల్లేదు! అందరితో కలిసి తప్పు రాస్తే పోయేదేమీ లేదు, అందరితో కలిసి ఒప్పు రాస్తే వచ్చేదీ లేదు.

కప్పు ఎవరిదన్న ప్రశ్నకి ఇది మరీ ముఖ్యం. ఒక జట్టుకి 30 శాతం అవకాశం ఉంది, దాన్ని ఇప్పటికే 20 మంది రాశారనుకోండి. మీరు 21వ వారు. విజేతను సరిగ్గా రాసినవాళ్లలోంచే మొదటి స్థానం తేలుతుందనుకుంటే మీ వాటా సుమారు 1.4 శాతం. ఇంకో జట్టుకి 12 శాతమే అవకాశం, కానీ రాసింది ఇద్దరే. మీతో ముగ్గురు, అంటే తలా 4 శాతం. 40 మందిలో సగటు వాటా 2.5 శాతం అని గుర్తుంచుకోండి. అయిదారుగురే ఉన్న పోటీలో ఇంత తెగింపు అక్కర్లేదు, ఫేవరెట్లు చాలు.

ఈ శాతాలు బెట్టింగ్ ఆడ్స్ నుంచి, అంటే పందెం గెలిస్తే రూపాయికి ఎన్ని రూపాయలిస్తారో బెట్టింగ్ సంస్థలు చెప్పే అంకెల నుంచి, తీయొచ్చు. ఒక మ్యాచ్‌లో గెలుపు, డ్రా, ఓటమికి 2.00, 3.50, 4.00 ఉంటే ఒకటిని ఒక్కోదానితో భాగించండి: శాతాల్లో 50, 28.6, 25. మొత్తం 103.6 వస్తుంది, వంద పైన ఉన్నది ఆ సంస్థల లాభం. ఒక్కోదాన్నీ ఆ మొత్తంతో మళ్లీ భాగిస్తే 48.3, 27.6, 24.1 శాతం.

కచ్చితమైన స్కోరు రాయాల్సొస్తే పాయిసాన్ సూత్రం వాడతాను, సగటు గోల్స్‌ని బట్టి ఒక్కో స్కోరుకి ఎంత అవకాశముందో అది చెప్తుంది. సగటున 1.6, 0.9 గోల్స్ వేసే జట్లయితే 1-0కి 13 శాతం, 3-1కి 5 శాతమే. జనం మాత్రం ఉత్సాహంగా 3-1 రాస్తారు.

చివరి రోజుల్లో మాత్రం పట్టిక చూసి రాయాలి. ముందున్నవాళ్లు వెనకవాళ్ల ఎంపికనే రాసేస్తే సరి, వెనకున్నవాళ్లు వేరు పడాల్సిందే. అదే ప్రపంచకప్ ఫైనల్‌కి నేను 3 పాయింట్లు వెనకబడి రెండో స్థానంలో ఉన్నాను, విజేతను సరిగ్గా రాస్తే 5 పాయింట్లు. మూడో స్థానంలో ఉన్నవాళ్లు నాకంటే చాలా వెనక ఉన్నారు. ముందున్నాయన అర్జెంటీనా రాశాడని బోర్డులో కనిపిస్తూనే ఉంది. నాకు అర్జెంటీనా అంటే ప్రాణం, అయినా ఫ్రాన్స్ రాశాను. 3-3 అయ్యి పెనాల్టీల్లో ఫ్రాన్స్ 4-2తో ఓడింది, నేను రెండో స్థానంలోనే ఉండిపోయాను. అర్జెంటీనా రాసినా వచ్చేది ఆ స్థానమే.